స్వామివారి జుట్టూ, మీ తమ్ముడి మోకాలూ

పిఠాపురం,
29 జులై 2005, శుక్రవారం.

మహాలక్ష్మీ సమానురాలైన వదినగారికి,

మరదలు వరహాలక్ష్మి నమస్కారాలు చెప్పుకుని రాస్తున్నది. అన్నయ్యగారికి కూడా నా నమస్కారాలు అందజేయండి. ఉభయకుశలోపరి అని అలవాటు కొద్దీ రాసెయ్యబోయి కలం ఆపాను. మీ వైపు కుశలమేనని మొన్న ఫోనులో తెలిసింది. మా వైపు కుశలం మాత్రం ఈమధ్యదాకా ఒక కాలు కుంటుతూ ఉంది, ఇప్పుడిప్పుడే తిన్నగా నడుస్తోంది. అది ఎలా చక్కబడిందో మీకు చెప్పుకోవాలనే ఈ ఉత్తరం.

ఇంట్లో ఫోను పెట్టుకుని ఈ కాగితాలేమిటని అనుకోకండి. మీకు వినపడాలంటే నేను అరవాలి. నేను అరిస్తే వీధంతా వింటుంది, అందరికంటే ముందు మీ తమ్ముడు వింటారు. ఆయన వినకూడదు. ఈ ఉత్తరం అన్నయ్యగారి చేత చదివించుకోవద్దని కూడా మనవి. మీకు ఇప్పుడు కళ్ళు బాగానే కనిపిస్తున్నాయి కదా. ఆ కళ్ళ సంగతి కూడా తరవాత రాస్తాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు మన అమ్మాయి పెళ్ళి కబుర్లు. వర్షిణి వచ్చే వారం విశాఖపట్నం నుంచి సెలవు పెట్టి వచ్చేస్తోంది. బ్యాంకువాళ్ళు సెలవిచ్చారు కానీ ఏడుస్తూ ఇచ్చారట. పెళ్ళివారి వైపు నుంచి ఏ పేచీ లేదు. మగపిల్లవాడు వారానికోసారి ఫోను చేసి నాతో కూడా మాట్లాడుతున్నాడు, మాట మెత్తన. శ్రావణమాసం రాగానే ముహూర్తం, మీరు వారం ముందే వచ్చి కూర్చోవాలి. మీరు లేకపోతే మీ తమ్ముడికి అప్పడాల పిండి దగ్గర నుంచి అప్పగింతల దాకా ప్రతిదీ అనుమానమే.

ఇక అసలు సంగతి. ఎండాకాలంలో మీ తమ్ముడి కుడి మోకాలు మొరాయించింది. కొంచెం నొప్పిగా ఉందని అంతకుముందు నుంచీ అంటూనే ఉన్నారు. పురోహితుడి మోకాలంటే గుమస్తా కుడిచెయ్యి లాంటిది, అది లేకపోతే పని లేదు. రైసుమిల్లు చంద్రరావుగారి కొత్తింటి గృహప్రవేశంలో సత్యనారాయణ వ్రతం చేయించి, ఆశీర్వచనం చెప్పి, లేవబోయి లేవలేకపోయారు. చంద్రరావుగారూ, వాళ్ళ బావమరిదీ చెరో రెక్కా పట్టుకుని లేపారట. చంద్రరావుగారు ఊరుకోకుండా, కుర్చీ తెప్పించమంటారా పంతులుగారూ అని నవ్వుతూ అడిగారట. ఆ మాట ఎందుకు అంత గుచ్చుకుందో మీకు తెలియదు, చెబుతాను. ఆ చంద్రరావుగారి అబ్బాయి పెళ్ళిలోనే ఆయన, పాపం, కాళ్ళ నొప్పులని కుర్చీ అడిగితే మీ తమ్ముడు ఒప్పుకోలేదు. అగ్నిహోత్రుడు నేలమీద ఉంటే మనం ఎత్తున కూర్చుంటామా అని అందరిలో అనేశారు. ఆ రోజు నుంచి మా ఊళ్ళో ఎంత లావుపాటి మావగారైనా పీటమీదే కూర్చుంటున్నాడు. ఇప్పుడు కన్నకూతురి పెళ్ళిలో ఆయనే కుర్చీ వేయించుకుంటే ఊరు ఊరుకుంటుందా?

ఊరు సంగతి అటుంచండి, ముందు ఆయనే ఊరుకోరు. కుర్చీలో కూర్చుని కన్యాదానం చెయ్యనంటే చెయ్యనన్నారు. మా పినమావగారి అబ్బాయి శరత్‌చంద్రనీ, అతని భార్యనీ పీటలమీద కూర్చోబెడదామన్నారు. శరత్ బంగారంలాంటివాడు, కాదనను. కానీ వదినగారూ, ఆయన లేస్తే పక్కనున్న నేనూ లేవాల్సిందే కదా! పిల్ల చేతిని మగపిల్లవాడి చేతిలో పెట్టేటప్పుడు కలశంతో నీళ్ళు పొయ్యాల్సినదాన్ని నేను. ఒక్కగానొక్క పిల్ల. ఆ నీళ్ళు ఇంకొకావిడ పోస్తుంటే నేను ఎక్కడ నిలబడాలి, పెళ్ళి పందిట్లో ఎవరికి కాఫీలందిస్తూ నిలబడాలి? ఫోనులో ఈ మాట చెప్పగానే వర్షిణి ఏడ్చేసింది. నాన్న కూర్చోకపోతే నేనూ కూర్చోను, రిజిస్టరాఫీసుకి పోతాను అంది. అది చదువుకున్న పిల్ల, అన్నంత పనీ చేస్తుంది.

వావిలాకు కాపడం పెట్టాను. మహానారాయణ తైలం రాశాను. ఎవరో చెప్పారని ఆముదపాకు కట్టాను. ఇల్లంతా మందుల కొట్టు వాసన వేసింది కానీ మోకాలు వంగలేదు. అప్పుడు సంపూర్ణమ్మగారు కలగజేసుకున్నారు. మీకు గుర్తుండే ఉంటారు, మా వెనక వీధిలో బాప్టిస్టు బడి టీచరుగారు, రిటైరయ్యారు. వాళ్ళబ్బాయి ఎజ్రా కాకినాడలో ఎముకల డాక్టరు. ఏంటండీ ఈ ఆకులూ అలములూ, మావాడు ఉన్నది దేనికండీ, రేపే బయల్దేరండి అని నన్ను కేకలేసి పంపించారు.

బస్సెక్కి వెళ్ళాం. ఎజ్రా మీ తమ్ముణ్ణి మాస్టారూ అంటాడు, చిన్నప్పుడు సంస్కృతం నాలుగు ముక్కలు మా అరుగుమీదే నేర్చుకున్నాడు. ఎక్సరే తీయించి చూశాడు. మోకాలి కీలు మధ్య జిగురు జిగురుగా ఒక ద్రవం ఉంటుందట, తలుపు బందుల్లో చమురులాగా. వయసు వచ్చేసరికీ, ఇన్నేళ్ళు బాసింపట్టు వేసుకుని కూర్చునేసరికీ అది పల్చబడి, ఎముకల మీది మెత్తటి పొర అరగడం మొదలైందట. ఆపరేషన్ దాకా రాలేదు కానీ, సూదితో కీల్లోకి ఒక మందు ఎక్కిద్దామన్నాడు. పేరు చెప్పాడు. నాకు నోరు తిరగక రెండుసార్లు అడిగి నేర్చుకున్నాను, సోడియం హయలురొనేట్. అదొక లవణమట. లవణం అనగానే మీ తమ్ముడు కంగారుపడి, పుండుమీద ఉప్పు జల్లినట్టు మండదా నాయనా అని అడిగారు. పేరుకే లవణం మాస్టారూ, తాకితే గుడ్డులోని... అని ఏదో అనబోయి నాలిక్కరుచుకుని, సగ్గుబియ్యం జావలాగా ఉంటుందండి అని సర్దుకున్నాడు. అది మన ఒంట్లో పుట్టుకతోనే ఉంటుందట. కీళ్ళలో ఉంటుంది, కళ్ళలో ఉంటుంది, చర్మంలో ఉంటుంది. తడిని పట్టి ఉంచడం దాని పని. వారానికొకటి చొప్పున కొన్ని సూదులు వేస్తే చాలామందికి కొన్ని నెలలపాటు హాయిగా ఉంటుందట. అందరికీ పనిచేస్తుందని చెప్పలేననీ, అరిగినది మళ్ళీ పుట్టదనీ కూడా చెప్పాడు. ఉన్నదున్నట్టు చెప్పే పిల్లవాడు.

అంతా బాగానే ఉంది. మీ తమ్ముడు సరేనని పంచె పైకి లాక్కుని కూర్చున్నారు కూడా. అప్పుడు ఎజ్రా కాగితం తీసుకుని, కోళ్ళు గానీ గుడ్లు గానీ ఈకలు గానీ మీకు పడవా మాస్టారూ, దద్దుర్లు అవీ వస్తాయా అని అడిగాడు. మా గడప గుడ్డు తొక్కలేదు, ఎందుకడుగుతున్నావు అన్నారు ఈయన. అబద్ధం చెప్పడం చేతకాని పిల్లవాడు కదా, చెప్పేశాడు. ఈ మందు కోడిపుంజు నెత్తిమీద ఎర్రగా ఉండే జుట్టులోంచి తీస్తారండి అన్నాడు.

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టినట్టు అని మనం ఎగతాళిగా అంటాం. ఈ డాక్టర్లు నిజంగానే కోడి నెత్తికీ మనిషి మోకాలికీ ముడిపెట్టారు వదినగారూ!

మీ తమ్ముడి మొహం అప్పుడు చూడాల్సింది. మీ ఇంటి సంగతి మీకు నేను చెప్పాలా? కుక్కుటేశ్వరస్వామి ఇలవేల్పు. స్వామి కోడి రూపంలో వెలిశాడు కాబట్టి మీ పుట్టింట్లో కోడిని కోడి అనకూడదు, స్వామివారు అనాలి. నేను అంబాజీపేట నుంచి కాపరానికొచ్చిన కొత్తలో, పక్కింటి బుల్లబ్బాయి వాళ్ళ పుంజు వచ్చి నేను ఎండబెట్టిన గుమ్మడి వడియాలు పొడిచి పొడిచి తింటుంటే, మా ఊళ్ళో కోడి కోడే కాబట్టి, కర్ర పుచ్చుకుని హుష్ అన్నాను. అత్తయ్యగారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి నా చేతిలో కర్ర లాక్కుని, ఆ పుంజుకి నాచేత దణ్ణం పెట్టించారు. స్వామీ, తమరు దయచేయండి అనాలట. అది దయచెయ్యలేదు. వడియాలన్నీ అయ్యాకే దయచేసింది. ఆ రోజు నుంచీ నాకూ ఆ స్వామికీ లోపల్లోపల చిన్న పేచీ ఉంది, మీ దగ్గర దాపరికం ఎందుకు?

సరే, ఈయన ఎడంకాలి మీద బరువు వేసి లేచి నిలబడ్డారు. నా మోకాలి కోసం స్వామి శిరస్సు మీద కత్తి పెడతారా నాయనా అని అడిగి, ఎజ్రాకి నమస్కారం పెట్టి, బయటికి నడిచేశారు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, శరత్‌కి ఫోను చెయ్యి అన్నారు. అంతే.

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఎవరి మీద అని అడగకండి. ఆ రోజు గిన్నెలు తోముతుంటే ఒక్కొక్క గిన్నే మోగింది. అప్పుడే, సరిగ్గా అప్పుడే, బుల్లబ్బాయి వాళ్ళ ఇప్పటి పుంజు ప్రహరీ ఎక్కి కూసింది. నేను దణ్ణం పెట్టలేదు.

ఆదివారం చర్చి అయ్యాక ఎజ్రా వాళ్ళమ్మగారింటికి భోజనానికి వస్తాడని తెలిసి వెళ్ళాను. సంపూర్ణమ్మగారు సంగతంతా విని ఒకటే నవ్వు. మేం కోడినంతా తిని జుట్టు పారేస్తాం, మీరు కోడినంతా వదిలేసి జుట్టు దగ్గర పోట్లాడుకుంటారేంటండీ అన్నారు. ఆవిడ కంటిశుక్లం ఆపరేషన్‌లో కూడా ఇదే జిగురు వాడారట. కంటి లోపల కత్తి ఆడేటప్పుడు సున్నితమైన పొరలు చెడకుండా ఆ జిగురు నింపి పని చేస్తారట. కోడి దయవల్ల సూదిలో దారం ఎక్కిస్తున్నానండీ అని నాకు ఎక్కించి చూపించారు.

ఎజ్రా మాత్రం నవ్వలేదు. ఆలోచించి ఒక మాట చెప్పాడు. ఇదే మందు ఇంకో రకంగా కూడా తయారవుతోందట. మనం ఇడ్లీ పిండి పులియబెడతాం చూడండి, అలాగే పెద్ద పెద్ద పాత్రల్లో సూక్ష్మజీవుల్ని పెంచి, వాటినుంచి తీస్తారట. అందులో కోడి ఊసే లేదు. నా ప్రాణం లేచొచ్చింది. కానీ కాకినాడలో మందులవాళ్ళ దగ్గర ఉన్నది జుట్టు రకమేననీ, పులిసిన రకం చెన్నై నుంచి రావాలనీ, ఎప్పటికి వస్తుందో చెప్పలేననీ అన్నాడు. లేచొచ్చిన ప్రాణం మళ్ళీ కూర్చుంది. ఆషాఢం అంటే పురోహితుడికి సెలవులు, సూదులు వేయించుకోవాలన్నా మంచంమీద ఉండాలన్నా అదే అదను. అది దాటితే శ్రావణం, పెళ్ళి.

వదినగారూ, ఇక్కడే నా బుద్ధి వంకర తిరిగింది. జుట్టు రకమే వేసెయ్యి బాబూ, పులిసిన రకమని మాస్టారికి చెప్పు, పాపం నాది అన్నాను. అలా చెయ్యకూడదండీ, రోగికి తెలియకుండా ఏదీ ఎక్కించకూడదు అన్నాడు. సంపూర్ణమ్మగారు ఊరుకుంటారా? పెద్దావిడ కన్నీళ్ళు పెట్టుకుంటే నీ రూల్సేంట్రా అని కసిరారు. కన్నీళ్ళు అప్పటికి రాలేదు, ఆవిడ అనగానే వచ్చాయి. ఎజ్రా ఏమీ అనలేదు. కాసేపు కిటికీలోంచి చూసి, మంగళవారం కాకుండా పై మంగళవారం మాస్టార్ని తీసుకురండి, నేను ఏదో ఒకటి చూస్తాను అన్నాడు. మౌనం అర్ధాంగీకారం, ఏదో ఒకటి చూస్తాననడం మిగతా సగం. నేను అలాగే తీసుకున్నాను.

ఇడ్లీ పిండి సంగతి చెప్పి మీ తమ్ముణ్ణి మళ్ళీ బస్సెక్కించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆస్పత్రిలో మూడుసార్లు అడిగారు, నిజంగా స్వామివారి సంబంధం లేదా అని. లేదు మాస్టారూ, పులియబెట్టి తీసినదే అని ఎజ్రా మూడుసార్లూ ఒకే గొంతుతో చెప్పాడు. అంతటితో ఊరుకోక మందుపెట్టె ఈయన చేతికిచ్చాడు! ఈయన కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చదువుతుంటే, ఎక్కడైనా పుంజు బొమ్మ వేసి ఉందేమోనని నేనూ ఆయన భుజం మీంచి తొంగి చూశాను. బొమ్మ లేదు, బతికాను. సూది వేశాక ఎజ్రా వరండాలోకి వచ్చి, అమ్మా, నిన్న చెన్నై నుంచి వచ్చింది, నిజంగా ఆ రకమేనండీ అని నాతో కూడా అన్నాడు. వెనకాల కాంపౌండరు నిలబడి ఉన్నాడు కదా, అతని చెవిన పడాలని అన్నాడు. ఎంత తెలివో చూడండి! బాగా చెప్పావు నాయనా అని భుజం తట్టాను. అతను ఇంకా ఏదో చెప్పబోతుంటే కళ్ళతోనే ఊరుకోమన్నాను. పాపం, నావల్ల సత్యసంధుడు కూడా చెడ్డాడు.

మరి పని చేసిందా అని అడుగుతారు. చేసింది వదినగారూ, చేసింది! మొదటి సూదికి ఏమీ తెలియలేదు, పైగా రెండు రోజులు వాచింది. నాకు శాస్తి అయిందనుకున్నాను. ఆ తరవాత వారం నుంచి మెట్లు దిగేటప్పుడు మూలగడం తగ్గింది. సూదులన్నీ అయ్యాయి. మొన్న పొద్దున్న పెరట్లో నేను పూలు కోస్తుంటే పీట చప్పుడైంది. తిరిగి చూద్దును కదా, మీ తమ్ముడు పెళ్ళి పీట ఒకటి దింపి వసారాలో వేసుకుని, దానిమీద కూర్చుని సంకల్పం చెప్పుకుంటున్నారు. మంత్రం అంతా అయ్యేదాకా కూర్చున్నారు. నేను చెయ్యి అందించాను, దాన్ని పట్టుకుని లేచారు. ఒక్క చెయ్యి, చంద్రరావుగారూ బావమరిదీ అక్కర్లేదు. ఆ తరవాత కొబ్బరికాయలు ఎన్ని చెప్పాలని ఆయనా, అరటిగెలలు ఎవరు తెస్తారని నేనూ మాట్లాడుకున్నాం. శరత్‌కి ఫోను చేసి, నువ్వు పీటలమీద కాదు, వంటవాళ్ళ దగ్గర ఉండాలి అని చెప్పేశారు. వర్షిణి ఫోనులో మళ్ళీ ఏడ్చింది, ఈసారి నవ్వుతూ.

ఇంతవరకూ సంతోషం. ఇక నా పాపం.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. నేను ఆడింది ఒక్కటే, ఇంకా తొమ్మిది వందల తొంభైతొమ్మిది నా ఖాతాలో ఉన్నాయి. అలా ఎంత సర్దిచెప్పుకున్నా లోపల పీకుతూనే ఉంది. ఇలవేల్పు జుట్టుని ఇంటాయన మోకాల్లో పెట్టించిన ఆడది నేనొక్కదాన్నే అయి ఉంటాను. అందుకని ముందు గుడి పట్టుకున్నాను, అది చాలదనిపించి కాఫీ కూడా మానేశాను. మూడో రోజుకి నా తలనొప్పి చూసి మీ తమ్ముడు కారణం అడిగారు. చెబుతానా? అమ్మాయి పెళ్ళికి మొక్కు అన్నాను. ఆయన, పెళ్ళి పనుల్లో ఉన్న సువాసిని పొద్దున్నే కాఫీ మానకూడదు, శాస్త్రం ఒప్పుకోదు అన్నారు. శాస్త్రంలో కాఫీ ఎక్కడిదండీ అన్నాను. కషాయం అని ఉంది, కాఫీ కూడా కషాయమే, వివాదం వద్దు అన్నారు. శాస్త్రం ఆయనకే తెలుసు కదా, తాగేశాను. అబ్బ, ఆ కాఫీ!

కాఫీ మొక్కు పోయింది కానీ గుడి మాత్రం వదల్లేదు. మీ తమ్ముడు నేను కాపరానికి రాకముందు నుంచీ రోజూ తెల్లవారుజామున స్వామి గుడికి నడిచి వెళతారు, మీకు తెలుసు. ఈ ముప్ఫై ఏళ్ళలో నేను పండగలకే తప్ప ఆ వేళకి ఎప్పుడు కదిలాను? పొయ్యి, పాలు, పిల్ల, మడి, ఆ వడియాల పేచీ ఒకటి. ఇప్పుడు ఆయనతో పాటే బయల్దేరుతున్నాను. మోకాలికి తోడు అని చెప్పాను. ప్రదక్షిణ చేస్తూ స్వామికి గుసగుసగా చెప్పుకుంటున్నాను, తప్పు నాది, ఆయనకేం తెలియదు, ఏదైనా ఉంటే నామీదే చూపించు అని. ఇంకో మాట కూడా అన్నాను. గయాసురుణ్ణి గెలవడానికి తెల్లవారకముందే కోడై కూసి తెల్లవారిందని నమ్మించింది తమరే కదా స్వామీ, లోకం కోసం తమరు వేళకాని కూత కూశారు, పిల్ల పెళ్ళి కోసం నేను ఒక కూత కూశాను, పోనిద్దురూ అన్నాను. స్వామికి కోపం వచ్చినట్టేమీ లేదు.

ఇక మీ కళ్ళ సంగతి. రాజమండ్రిలో కిందటేడు మీకు శుక్లం తీశారు. ఆ ఆపరేషన్లలో చాలాచోట్ల ఈ జిగురే వాడతారని ఎజ్రా చెప్పాడు, వేరేవి వాడేవాళ్ళూ ఉంటారట. మీకు ఏది వాడారో నేను అనడం లేదు. మీరూ అడగవద్దు. అడిగితే తెలుస్తుంది, తెలిస్తే చిక్కు. ఇంకొకటి. నిశ్చితార్థంనాడు వర్షిణి విశాఖ నుంచి తెచ్చుకున్న క్రీము మీరూ నేనూ తలుపేసుకుని కాస్త కాస్త రాసుకున్నాం, మొహం వెన్నలా ఉందన్నారు. ఆ గొట్టం వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఇదే పేరు ఉంది, నేను భూతద్దం పెట్టి చూశాను. జుట్టు రకమో పిండి రకమో రాయలేదు. నేను ఇంకా రాసుకుంటూనే ఉన్నాను. పాపం ఎలాగూ మూటగట్టుకున్నాను, మొహమైనా బాగుండనీ అని.

బెదిరిస్తున్నానని అనుకోకండి, నేను మీ ముందు ఎంత? మీరు ఆ ఇంటి ఆడపడుచు, అత్తయ్యగారు పోయాక తల్లిలేని లోటు తెలియకుండా ఆయన్ని చూసుకున్నది మీరు. అందుకే తీర్పు మీ చేతిలో పెడుతున్నాను. నేను చేసింది క్షమించరాని పాపమైతే ఒక్క ముక్క రాయండి, పీటలమీద నుంచి నేనే తప్పుకుంటాను, నీళ్ళు శరత్ భార్యే పోస్తుంది. కాదంటే ఏమీ రాయకుండా, నవ్వుతూ రైలెక్కి రండి. పెళ్ళిలో ఎవరైనా మోకాలి సంగతి అడిగితే, మా మరదలు తైలం బాగా రాస్తుంది అనండి. ఆయనకి మాత్రం ఎప్పటికీ తెలియకూడదు. తెలిస్తే ఆ మోకాలిమీద ఆయన మళ్ళీ బరువు వెయ్యరు.

ఆవకాయ రెండు సీసాలు మీకని తీసి పెట్టాను. మాగాయ ఈసారి కుదరలేదు.

మీ మాట కోసం దారి చూస్తూ, మీ పాదాలకు నమస్కరిస్తూ,
మీ మరదలు
వరహాలక్ష్మి

తా.క.

అక్కయ్యా, ఈ చేతిరాత నీ తమ్ముడిది. కవరు మీద చిరునామా రాసి డబ్బాలో వేసి రమ్మని నీ మరదలు నాకే ఇచ్చింది, లోపల చదవనని ఒట్టు పెట్టించుకుంది. అంటించడం మరిచిపోయింది. నేను చదవలేదు. చివరి కాగితం అడుగున ఖాళీ ఉంటే, పైన చెయ్యి అడ్డం పెట్టుకుని రాస్తున్నాను. చదవక్కర్లేదు కూడా, ఏం రాసి ఉంటుందో నాకు తెలుసు.

గుడిలో స్వామికి గుసగుసగా చెప్పుకుంటానని అనుకుంటుంది. ఆవిడ గుసగుస ధ్వజస్తంభం దాకా వినపడుతుంది. నేను వెనకే నడుస్తున్నాను కదా, మొదటి రోజే విన్నాను. ఆ వారం సూదికి వెళ్ళినప్పుడు ఆవిణ్ణి వరండాలో కూర్చోబెట్టి ఎజ్రాని నిలదీశాను. అతను తలపట్టుకున్నాడు. చెన్నైకి రోజూ ఫోన్లు చేసి పులిసిన రకమే తెప్పించాడట. జుట్టు రకం నాకు ఒక్క చుక్క కూడా ఎక్కించలేదు. కాగితాలన్నీ చూపించాడు, వాళ్ళతో ఫోనులో మాట్లాడించాడు. మాస్టారూ, అమ్మగారికి నిజమే చెప్పాను, ఆవిడ నా భుజం తట్టి వెళ్ళిపోయారండీ, నేనేం చెయ్యను అన్నాడు.

కాబట్టి పాపం ఏమీ లేదు. ఆవిడ చెయ్యని తప్పుకి ప్రదక్షిణాలు చేస్తోంది. చెప్పెయ్యాలని రోజూ అనుకుంటాను. కాఫీ మానేసినప్పుడు చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది, బదులుగా శాస్త్రంలో లేని మాట ఒకటి కల్పించి తాగించాను. పురోహితం మొదలుపెట్టాక శాస్త్రం పేరున నేను ఆడిన మొదటి అబద్ధం అది.

ఎందుకు చెప్పలేదంటే, అక్కయ్యా, ముప్ఫై ఏళ్ళుగా ఆ దారిలో నేను ఒక్కణ్ణే నడిచాను. ఒక్కసారి రమ్మని అడగడం నాకు చేతకాలేదు. ఇప్పుడు రోజూ తెల్లారేసరికి ఆవిడ జడ వేసుకుని నాకంటే ముందే గుమ్మంలో నిలబడి ఉంటుంది. వంకాయల ధర, వర్షిణి చిన్నప్పటి మాటలు, ఎవరింటి ముగ్గు బాగుందో, గుడిదాకా చెబుతూనే ఉంటుంది. నేను వింటూ నడుస్తాను. నిజం చెబితే రేపటి నుంచి మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

పెళ్ళికి వచ్చినప్పుడు నువ్వు కూడా ఏమీ తెలియనట్టే ఉండు. పీటలమీద మేమిద్దరం కూర్చుంటాం, నీళ్ళు ఆవిడే పోస్తుంది. ఆ తరవాత ఒక మంచిరోజు చూసి నేనే చెబుతాను. కానీ మంచిరోజులు చూడవలసినవాణ్ణి నేనే కనక, అవి ఇప్పట్లో ఉన్నట్టు కనిపించడం లేదు.

నీ తమ్ముడు
భాస్కరం